కనిపించని మంత్రగత్తె

ఒకే హాలులో, ఒకే ఆటకు, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని చూసినవారిలో ఒకరు "ప్రాణం పోయినంత పనైంది" అనీ, రెండవవారు "డబ్బు పోయింది, అంతే" అనీ అంటూ బయటకు వస్తే ఆ సినిమాను గురించి ఏమనుకోవాలి? పాటలు బాగున్నాయా లేవా అనే తగాదా అయితే అభిరుచి భేదమని సరిపెట్టుకోవచ్చు. భయం అలాటిది కాదు గదా! పాము కనబడితే పండితుడూ గెంతుతాడు, పామరుడూ గెంతుతాడు. భయపెట్టడానికే తీసిన చిత్రం ఒకరికి నిద్ర పట్టనివ్వకుండా, మరొకరిని హాలులోనే నిద్రపుచ్చిందంటే అందులో విచారించవలసిన సంగతి ఏదో వుండే వుంటుంది.

1999లో అమెరికాలో విడుదలైన "ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్" అనే చిత్రాన్ని గురించి చెబుతున్నాను. విచ్ అంటే మంత్రగత్తె. పేరులో మంత్రగత్తె వుందే గాని, 81 నిమిషాల చిత్రంలో ఆవిడ ఒక్క క్షణమైనా కనబడదు. ఆ దేశంలో కొత్త సినిమా విడుదలైనప్పుడు హాలులోని ప్రేక్షకుల చేతికి చీటీలిచ్చి మార్కులు వేయించే సంస్థ ఒకటి వుంది, సినిమాస్కోర్ అని. వారి లెక్కలో దీనికి వచ్చినది సి ప్లస్. మా కాలేజీ భాషలో చెప్పాలంటే అత్తెసరు మార్కులు. అక్కడి ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ మాత్రం నాలుగుకు నాలుగు నక్షత్రాలూ ఇచ్చాడు. ఇక డబ్బు సంగతి చూస్తారా, సుమారు 60 వేల డాలర్లతో చిత్రీకరణ ముగించిన ఈ సినిమా ప్రపంచమంతటా కలిపి దాదాపు 24 కోట్ల 80 లక్షల డాలర్లు వసూలు చేసింది. తిట్టినవారు కూడా టిక్కెట్టు కొనే తిట్టారన్నమాట.

కథ పిడికెడు. మేరీలాండ్ రాష్ట్రంలో బర్కిట్స్‌విల్ అనే చిన్న ఊరు. ఆ పక్క అడవిలో ఒక మంత్రగత్తె వున్నదని వాడుక. దాన్ని గురించి చిన్న చిత్రం తీయాలని ముగ్గురు పడుచువాళ్ళు, ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు, కెమేరాలు భుజాన వేసుకుని 1994 అక్టోబరులో అడవిలోకి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏడాది తర్వాత వారు తీసిన ఫిల్ము దొరికింది. మీరు చూడబోయేది ఆ ఫిల్మే, అని మొదట్లోనే తెర మీద రాసి చూపిస్తారు.

ఇదంతా కల్పన. ఊరు నిజమే, మంత్రగత్తె ఐతిహ్యం మాత్రం దర్శకులిద్దరూ కూర్చుని అల్లుకున్నది. ఆ ఇద్దరు, డేనియల్ మిరిక్, ఎడ్వార్డో సాంచెజ్, ఫ్లోరిడాలో సినిమా చదువు కలిసి చదివినవారు. చేతిలో డబ్బు లేదు. డబ్బు లేకపోతే దెయ్యాన్ని చూపించకూడదు. చవకరకం దెయ్యాన్ని చూపిస్తే జనం నవ్వుతారు. ఈ సంగతి గ్రహించడమే వారి తెలివి. 1997 అక్టోబరులో 8 రోజుల్లో చిత్రీకరణ అయిపోయింది. నటీనటుల చేతికే కెమేరాలిచ్చి, మీరే తీసుకోండి అని అడవిలోకి పంపారు. రాసిన సంభాషణలు లేవు. ఏ రోజుకారోజు ఎవరి చీటీ వారికి వేరుగా డబ్బాలో పెట్టి వుంచేవారు. ఒకరి చీటీ మరొకరు చూడరాదు. రోజురోజుకూ తిండి తగ్గించారు. రాత్రివేళ దర్శకులే వచ్చి చీకట్లో గుడారం కుదిపేవారు, పిల్లల గొంతులు రికార్డు మీద వినిపించేవారు. తెర మీద ఆ ముగ్గురి ముఖాల్లో కనబడే అలసట, విసుగు చాలావరకు నటన కాదు.

ఇంతవరకు ముచ్చటగానే వుంది. చిక్కంతా ప్రచారంతో వచ్చింది.

నటీనటులు ముగ్గురూ, హెదర్ డానహ్యూ, జాషువా లెనర్డ్, మైకేల్ విలియమ్స్, సినిమాలో కూడా తమ సొంత పేర్లతోనే వున్నారు. 1999 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో మొదటి ప్రదర్శన జరిగినప్పుడే వారి ఫోటోలు వేసి "తప్పిపోయినారు" అని కాగితాలు పంచారు. చిత్రాన్ని 11 లక్షల డాలర్లకు కొన్న ఆర్టిజాన్ అనే సంస్థ ఆ పద్ధతినే ఊరూరా సాగించింది. ఇంటర్నెట్టులో పోలీసు నివేదికల వంటివి, వెదుకులాట ఫోటోల వంటివి పెట్టారు. విడుదలకు ముందు టెలివిజనులో ఒక కట్టుకథను దర్యాప్తు కార్యక్రమంలాగా చూపించారు. ఇంటింటా ఇంటర్నెట్టు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అచ్చులో కనబడినదల్లా నిజమని మన పెద్దలు నమ్మినట్టే, అందులో కనబడినది నిజమని జనం నమ్మారు. హెదర్ తల్లిగారికి సానుభూతి తెలుపుతూ కార్డులు వచ్చాయి. కూతురు బతికి, తిని తిరుగుతూ వుండగా పరామర్శ కార్డులు విప్పి చదువుకోవలసి వచ్చిన ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి. బర్కిట్స్‌విల్‌కైతే చూడవచ్చే జనం తాకిడి ఎక్కువై, ఊరి పేరు రాసిన పలకలు కూడా ఎవరో ఊడబెరుక్కుపోయారు.

ఇప్పుడు ప్రేక్షకుల తగాదా దగ్గరకు వద్దాం. మన ఆలంకారికులు భయానక రసాన్ని గురించి ఆలోచించినప్పుడు సరిగా ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. కాశ్మీరానికి చెందిన అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ శాకుంతలంలోని లేడిని ఉదాహరణగా చూపించాడు. దుష్యంతుడి రథం తరుముకొస్తూ వుంటే మెడ వెనక్కు తిప్పి చూసుకుంటూ పరుగెత్తే లేడి. ఆ పద్యం వినే సహృదయుడికి కలిగే భయం లేడిది మాత్రమే కాదు, తనదీ కాదు, ఫలానావాడిదని చెప్పడానికీ వీలులేదు. నాకేమవుతుందో అనే దిగులు అందులో లేదు గనుకనే దాన్ని ఆస్వాదించగలుగుతాం, అంటాడాయన. భయం వేరు, భయానక రసం వేరు. పులి బోనులో వుంటేనే దాని చారల అందం కనబడుతుంది.

1999 జులైలో ఈ చిత్రాన్ని నిజమని నమ్మి చూసినవాడికి ఆ బోను లేదు. అతడు చూసినది నాటకం కాదు, వార్త. ముగ్గురు పిల్లలు చనిపోతూ వుంటే చూస్తున్నాననుకున్నాడు. వాడికి నిద్రపట్టకపోవడంలో ఆశ్చర్యమేమున్నది? నాలుగు రోజుల తర్వాత ఆ ముగ్గురూ నవ్వుతూ పత్రికలవాళ్ళతో మాట్లాడుతుంటే చూసి, "ఛీ, మోసం" అన్నాడు. ఇక ఆగస్టులో, "ఇంత భయంకరమైన సినిమా ఇంతవరకు రాలేదట" అని నలుగురు చెప్పగా విని వచ్చినవాడు మంత్రగత్తె కోసం కళ్ళు చించుకుని చూశాడు. చెట్లు కనిపించాయి. పుల్లలతో కట్టిన బొమ్మలు కొమ్మలకు వేలాడుతూ కనిపించాయి. గుడారం ముందు రాళ్ళ కుప్పలు కనిపించాయి. ఇక తెరంతా ఊగిపోతూ కనిపించింది. చేతి కెమేరా కుదుపుకు తల తిరిగి, హాలులోనే వాంతులు చేసుకున్నవారు కూడా వున్నారు. పాపం, వారి అభిప్రాయాన్ని కాదనడానికి మనమెవరం?

అయితే "అందులో ఏమీ లేదు" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. మా విద్యార్థులు కొందరు దీన్ని అరచేతిలో ఫోను మీద, బస్సులో, ముక్కలు ముక్కలుగా చూసి ఆ మాటే అన్నారు. బస్సులో కూర్చుని చూస్తే చిత్రమేమిటి, నిజం దెయ్యమే వచ్చినా టిక్కెట్టు అడుగుతారు.

అందులో వున్నది ముగ్గురు మనుషుల తగాదా. హెదర్ నాయకురాలు, దారి నాకు తెలుసునంటుంది. తెలియదని మనకు అర్థమవుతూనే వుంటుంది. పటం కనబడకుండా పోతుంది. నీ దగ్గరుందంటే నీ దగ్గరుందని అరుచుకుంటారు. చివరకు మైకు, "అది ఎందుకూ పనికిరాలేదని నేనే ఏట్లోకి తన్నేశాను" అని చెప్పి పిచ్చివాడిలా నవ్వుతాడు. సంసారాలు చేస్తున్నవారికి ఈ ఘట్టాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. తీర్థయాత్రలో దారి తప్పి, పిల్లలు ఆకలికి ఏడుస్తూ వుండగా, "నేను చెబితే విన్నారా" అని ఒకరు, "నువ్వెప్పుడు చెప్పావు" అని ఒకరు అనుకోని కుటుంబం వుంటుందా? ఒక రోజల్లా దక్షిణ దిక్కుగా నడుస్తారు. నడిచి నడిచి సాయంత్రానికి, పొద్దున దాటి వచ్చిన మొద్దు దగ్గరికే వచ్చి నిలబడతారు. ఆ ఒక్క మొద్దుకు అయిన ఖర్చెంత? నన్నడిగితే, కోరలూ గోళ్ళూ పెట్టిన నూరు దెయ్యాలు చేయలేని పని అది చేసింది.

ముగింపు అర్థం కాలేదన్న ఫిర్యాదు కూడా చాలామందిది. పాడుబడ్డ ఇంటి నేలమాళిగలో మైకు గోడ మూలకు తిరిగి నిలబడి వుంటాడు, కెమేరా కింద పడుతుంది, అయిపోయింది. మొదట్లో ఊరివాళ్ళు మాట్లాడేటప్పుడు, పూర్వం ఒక హంతకుడు పిల్లల్ని చంపుతూ, ఒకరిని చంపేటప్పుడు రెండవవారిని మూలకు తిప్పి నిలబెట్టేవాడని ఒక మాట దొర్లుతుంది. ఆ మాట చెవిన వేసుకున్నవారికి చివర వెన్ను జలదరిస్తుంది. వేరుసెనక్కాయలు వొలుచుకుంటూ వదిలేసినవారికి ఒక అబ్బాయి గోడవైపు తిరిగి నుంచున్నాడు, అంతే.

నాకు బాధ కలిగించిన అభిప్రాయం వేరే వుంది. అది హెదర్‌ను గురించినది. ఆ అమ్మాయి గయ్యాళి, పొగరుబోతు, అరుపులు భరించలేకపోయాం, ఆమె మూలానే వాళ్ళంతా చచ్చారు, అని జనం తిట్టిపోశారు. చివరి రాత్రి చేతిదీపం వెలుగులో కళ్ళూ ముక్కూ కారుతూ, తనతో వచ్చిన పిల్లల తల్లులను క్షమించమని అడిగే ఘట్టాన్ని పేరడీలు చేసి నవ్వుకున్నారు. ఆ ఏటి చెత్త నటనలకు వేళాకోళంగా ఇచ్చే రాజీ బహుమానాన్ని ఉత్తమ నటికి మారుగా అధమ నటి అని ఆమెకు కట్టబెట్టారు. రాసిచ్చిన మాట ఒక్కటి లేకుండా, అడవిలో అర్ధాకలితో, తానే కెమేరా పట్టుకుని తానే నటించిన పిల్లకు దక్కిన మర్యాద ఇది.

మన సూర్యకాంతంగారిని చూడండి. 1962లో "గుండమ్మ కథ" చూస్తూ తిట్టుకోని ఇల్లాలు లేదు. కాని ఆ తిట్లన్నీ గుండమ్మకు తగిలాయి. సూర్యకాంతంగారికి చప్పట్లు దక్కాయి. మధ్యన గుండమ్మ అనే పేరు ఒక గొడుగులా వున్నది. హెదర్‌కు ఆ గొడుగు లేకుండా చేశారు. పాత్ర పేరూ ఆమె పేరే, ముఖమూ ఆమెదే, పైగా ఇదంతా నిజంగా జరిగిందన్నారు. నటి కోసం చప్పట్లు కొట్టాలంటే ముందు ఆమె నటి అని తెలియాలి గదా! పులిని బోనులోంచి వదిలినవారు టిక్కెట్ల డబ్బు లెక్కపెట్టుకుంటూ వుండగా అది పోయి ఈ అమ్మాయి మీద పడింది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, కథ ఇంకా సాగుతూనే వుంది గనుక. 2000లోను, 2016లోను దీనికి కొనసాగింపులు వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో హక్కులున్న లయన్స్‌గేట్ సంస్థ మళ్ళీ ఒక బ్లెయిర్ విచ్ చిత్రం తీస్తామని ప్రకటించగా, నటీనటులు ముగ్గురూ కలిసి బహిరంగంగా ఒక ఉత్తరం రాశారు. పాత చిత్రం మీద వచ్చే రాబడిలో నటులకు న్యాయంగా రావలసిన భాగం ఇవ్వమన్నారు. తమ పేర్లు, ముఖాలు వాడుకునే పని ఏదైనా తలపెడితే తమను సంప్రదించమన్నారు. ఏటా ఎవరైనా ఒక కొత్త దర్శకుడికి 60 వేల డాలర్ల సహాయం చేయమన్నారు. అది తమ చిత్రానికైన ఖర్చు. హెదర్ ఎన్నడో నటన మానుకున్నది. 2020లో పేరు కూడా మార్చుకున్నది. ఇప్పుడు ఆమె పేరు రే హాన్స్.

చూడాలని కోరిక కలిగినవారికి ఒకటి రెండు మాటలు. పిల్లలు పడుకున్న తర్వాతనే చూడండి. రక్తపాతం పెద్దగా లేదు గాని, ఆ ముగ్గురి నోట బూతులు లెక్కలేనన్ని. పెద్ద తెర మీద, దీపాలు తీసి, మధ్యలో లేవకుండా చూడండి. కుదుపు పడనివారు తెరకు కాస్త దూరంగా కూర్చుంటే మంచిది. మొదటి పదిహేను నిమిషాల్లో ఊరివాళ్ళు మాట్లాడేటప్పుడు మాత్రం కాఫీకని లోపలికి వెళ్ళకండి.