మరక కనిపిస్తే విచారణలు వద్దు

పత్తి తీతలప్పుడు ప్రత్తిపాడు, పర్చూరు చేలల్లో నడుముకు ఒడి కట్టుకుని సాలు వెంట వంగి సాగే ఆడకూలీల్లో నెల తప్పిన వాళ్లూ ఉంటారు. వాళ్లలో ఎవరికైనా బట్టకు చిన్న మరక అంటితే చాలు, ఇంట్లో విచారణ మొదలు: బొప్పాయి తిన్నావా, బరువెత్తావా, ఎక్కడ కాలు జారావు? నా దృష్టిలో ఇది అన్యాయం. తొలి మూడు నెలల్లో సుమారు నలుగురు గర్భిణుల్లో ఒకరికి ఎంతో కొంత రక్తం కనబడుతుంది. కొద్దిగా కనబడి ఆగిపోతే, ఎక్కువమందికి గర్భం నిలుస్తుంది. పిండం గర్భసంచి గోడకు అతుక్కునే రోజుల్లో మరక పడొచ్చు, కలయిక తర్వాతా పడొచ్చు. నిలవకపోయినా, తొలినాళ్ల గర్భస్రావాల్లో సగం దాకా క్రోమోజోముల తేడా వల్లే. అందులో ఆమె తప్పేముంది? మంచం దిగకుండా పడుకోబెడితే గర్భం నిలుస్తుందనడానికీ ఆధారం లేదు. అలాగని ‘మామూలేలే’ అని సర్దుకోకూడదు. గర్భం ట్యూబులో నిలిచినా మొదట కనిపించేది ఇంతపాటి మరకే కావచ్చు. అందుకే మరక చిన్నదైనా డాక్టరుకు చూపించాలి, స్కానింగ్ అవసరమో కాదో వారే చెబుతారు. బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ఆ మాట ముందే చెప్పాలి. పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం ఉంటే క్షణం ఆగొద్దు. మేస్త్రీలారా, అత్తమ్మలారా, కూలి లెక్కలు, నిందలు పక్కనపెట్టి ముందు 108కి ఫోన్ చెయ్యండి.