చెయ్యి పరిగెడుతోంది, గురూ!

ఈ వారం తారల ముచ్చట్లు కాస్త పక్కన పెట్టి నా సొంత గోల చెప్పుకుంటాను. పాఠకులు మన్నించాలి. వ్యాసాలు రాసుకుని బతికే ఈ జీవికి ఇంకో పిచ్చి కూడా ఉందని మీలో కొందరికి తెలుసు. అదేనండీ, డ్రమ్స్! గురువు లేడు, పాఠం లేదు. పాటలు వింటూ, పందిళ్ళలో వాయించేవాళ్ళ చేతులకేసి గుడ్లప్పగించి చూస్తూ నేర్చుకున్న విద్య. దాంతోనే పద్నాలుగేళ్ళపాటు మా ఊరి ఆర్కెస్ట్రాలో వినాయక చవితికీ, దసరాకీ, పెళ్ళి రిసెప్షన్లకీ వాయించాను.

మొదటి మూడేళ్ళూ రోజుకో కొత్త సంగతి చేతికొచ్చేది. ఆ తర్వాత పదకొండేళ్ళు? అదే బీటు, అదే రోలు, చరణం ముందు అదే దడదడ. చప్పట్లు పడుతున్నాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

2023 దసరాకి నాకు పిలుపు రాలేదు. ఆర్కెస్ట్రా నడిపే ఆయన్ని అడిగితే నసిగాడు. మా గాయని మాత్రం దాచలేదు. “ఏమనుకోకు అన్నయ్యా, చరణం దగ్గరికొచ్చేసరికి నువ్వు పరిగెడతావు. నాకు ఊపిరి తీసుకునే చోటుండదు” అంది.

కోపం వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టక పాత ప్రోగ్రాం రికార్డింగ్ ఒకటి ఫోన్లో పెట్టుకుని లెక్క కట్టాను. నిమిషానికి 96 దెబ్బలతో మొదలైన పాట 112 దగ్గర ముగిసింది! పాపం, ఆ అమ్మాయి పాట పాడిందా, బస్సు వెంట పడిందా?

గురువు లేకపోవడం వల్లే ఇలా అయిందని సరిపెట్టుకుందామంటే అదీ కుదరలేదు. 1963 నుంచి 2021లో కన్నుమూసేదాకా రోలింగ్ స్టోన్స్ బృందానికి డ్రమ్మర్‌గా ఉన్న చార్లీ వాట్స్ కుర్రతనంలో ఒక బ్యాంజో మెడ ఊడబీకి, మిగిలినదాన్ని డ్రమ్ముగా చేసుకుని సొంతంగా నేర్చుకున్నవాడే. మరి ఎక్కడ ఆగిపోయాను?

ఆగిపోవడం నా ఒక్కడి జబ్బు కాదులెండి. 1897లోనే అమెరికాలో బ్రయాన్, హార్టర్ అనే ఇద్దరు పరిశోధకులు టెలిగ్రాఫ్ పని నేర్చుకునేవాళ్ళని గమనించి ఈ సంగతి రాశారు. వచ్చే సందేశాన్ని విని అందుకోవడంలో కొంతకాలం బాగా ఎదిగినవాళ్ళు ఒకచోట నిలిచిపోయి, చాన్నాళ్ళకి మళ్ళీ లేస్తారట. విడి అక్షరాలుగా వినే అలవాటు పోయి మాటలు మాటలుగా చెవినపడేదాకా ఆ మెట్టు దాటరని వాళ్ళ వివరణ.

చివరికి డోలక్ వాయించే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. స్టిక్స్ తియ్యబోతే, “అవి లోపల పెట్టు బాబూ. చేత్తో తాళం వెయ్యి, నువ్వు కొట్టే ఆ దడదడ నోటితో చెప్పు” అన్నారు. మృదంగం నేర్చే పిల్లలు చేసే పనే. ముప్ఫై దాటిన నాకు చెమటలు పట్టాయి. తకధిమి తకధిమి అంటూ బయల్దేరాను. పదహారు అక్షరాలుండాల్సిన చోట పద్నాలుగే వచ్చాయి! ఎడమ చెయ్యి అందుకోలేని ఆ రెండూ మింగేసి, తర్వాతి దెబ్బ మీదకి ముందే దూకుతున్నానన్నమాట. పద్నాలుగేళ్ళుగా! జనం చప్పట్లలో అది నాకెలా వినిపిస్తుంది?

ఆయన ఇంకేమీ చెప్పలేదు. టీ ఇప్పించి పంపేశారు.

ఆ తర్వాత జార్జ్ లారెన్స్ స్టోన్ 1935లో వెలువరించిన ‘స్టిక్ కంట్రోల్’ తెప్పించుకున్నాను. అందులో ముందు పేజీల్లో రాగం లేదు, పాట లేదు, కుడీ ఎడమల వరసలే. కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ... ఇలా ప్రతి వరసనీ ఆపకుండా ఇరవైసార్లు వాయించాలి. ఇంట్లో డ్రమ్స్ మోగిస్తే పక్కవాటా వాళ్ళు ఊరుకోరు కనుక దిండు మీద మొదలుపెట్టాను. దిండు మీద కర్ర దానంతటది పైకి లేవదు, మణికట్టే లేపాలి. ఎడమ చేతి బండారం రెండు నిమిషాల్లో బయటపడింది. “దూది రేగిపోతోందిరా” అని అమ్మ కేకలు.

ఫోన్లో మెట్రోనోమ్ 60కి పెట్టాను. వేగంగా వాయించేవాడికి నిదానం ఎంత నరకమో అప్పుడు తెలిసింది. రెండు టిక్కుల మధ్య ఖాళీలో చెయ్యి కుక్కపిల్లలా ముందుకి లాగుతుంది. వారానికి రెండేసి అంకెలు పెంచుకుంటూ పోయాను. కొన్ని వారాలు మళ్ళీ వెనక్కి తగ్గించాల్సి వచ్చింది కూడా. అసలు కష్టం అది కాదు. మూడు నెలలపాటు రోలు అన్నదే వాయించకూడదని నాకు నేనే నిషేధం పెట్టుకున్నాను. నాకు పేరు తెచ్చింది ఆ రోలే మరి!

2024 వినాయక చవితికి పిలుపొచ్చింది. అదే పందిరి, అదే గాయని, అదే పాట. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా రికార్డింగ్ పెట్టి లెక్కేశాను. 96తో మొదలై 100 దగ్గర ముగిసింది. ఆ నాలుగూ రెండో చరణం ముందు రోలులోనే పెరిగాయి.

అర్ధరాత్రి అయిందని కూడా చూడకుండా దిండు ముందేసుకున్నాను.