ఫోల్డర్ సంగతి ఫైల్ సిస్టమ్‌నే అడగండి

మా ఆఫీసులో లినక్స్ సర్వర్ చూసేది నేనే. విండోస్ వాడే అకౌంట్స్ వాళ్లకు ‘రిపోర్ట్’ అని పెద్ద ‘ఆర్’తో కొట్టినా చిన్న ‘ఆర్’తో కొట్టినా ఒకటే ఫైలు. లినక్స్‌కు మామూలుగా అవి రెండు. అందుకే అడిగిన పేరు అచ్చంగా దొరక్కపోతే, విండోస్ వాళ్లకు లినక్స్ ఫైళ్లు అందించే సాంబా ఫోల్డరంతా గాలిస్తుంది. వేల ఫైళ్లున్నచోట సర్వర్‌కు అది పెద్ద చాకిరీ.

2019లో లినక్స్ 5.2తో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు, పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోని ఫోల్డర్లు పెట్టుకునే వీలొచ్చింది. మరి ఏ ఫోల్డర్ అలాంటిదో సర్వర్‌కు చెప్పేదెవరు? నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో, 1995 నాటి మూడో వెర్షన్‌లోనే, ‘అక్షరాల తేడా ఉందా?’ అని సర్వర్‌ను అడిగేందుకు చోటుంది. లినక్స్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మాత్రం ఏళ్ల తరబడి, డాస్ రకం ఫైల్ సిస్టమ్‌కు తప్ప, ఫైల్ సిస్టమ్‌ను అడక్కుండానే ‘తేడా ఉంది’ అని జవాబిచ్చింది. ఇది నాకు మింగుడుపడదు. ఫోల్డర్ తీరు తెలిసింది ఫైల్ సిస్టమ్‌కే. ఆ జవాబు లినక్స్ కెర్నెల్ దాన్నే అడిగి తెలుసుకోవాలి, సాంబాకూ ఎన్‌ఎఫ్‌ఎస్‌కూ అదే అందించాలి.