పిల్ల తిన్నదంటే తిన్నట్టేనా?

మీ ఇంట్లో ఉద్యోగానికి పోయే పిల్లలున్నారా? అయితే ఈ వారం పొయ్యి మీది కూర దించేసి, కాసేపు నాతో కూర్చోండి.

మా అమ్మాయికి ఇరవై ఏళ్లు. ఇంటర్ అయ్యాక పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది. పొద్దున అయిదున్నరకే బస్సు. ఇంత చాయ్ గొంతులో పోసుకుని ఒకటే పరుగు. బాక్సు మాత్రం నేను నిండుగా కట్టేదాన్ని. సాయంత్రం ఖాళీగా వచ్చేది. ఖాళీ బాక్సు చూసి సంబరపడే తల్లుల్లో నేనూ ఒకదాన్ని లెండి!

మొన్న ఎండాకాలంలో పని దగ్గరే కళ్లు తిరిగి కూలబడిపోయింది. తోటి పిల్లలు ఆటోలో తెచ్చి దించారు. ఎండదెబ్బే అనుకున్నాం. డాక్టరమ్మ కంటిరెప్ప కిందికి లాగి చూసి రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు 12కి తగ్గకూడదట. "ఏం తింటావమ్మా?" అని ఆవిడ దాన్ని అడిగితే, మధ్యలో నేనే "అన్నీ తింటుందండీ" అన్నాను. "అన్నీ అంటే ఏమేంటి?" అంది ఆవిడ. నోరు పెగల్లేదు.

ఏముందని చెప్పను? బాక్సులో ముప్పావు వంతు అన్నం, గరిటెడు ఆలుగడ్డ వేపుడు, ఇంత మామిడికాయ తొక్కు. ఇంకో సంగతి సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మా ఇంట్లో గట్టిపప్పు ఆయనకూ అబ్బాయికీ పోయేది, పైన తేరిన నీళ్లపప్పు మా ఇద్దరికీ. గుడ్డు ఒక్కటే ఉంటే అది అబ్బాయికే. ఎవరూ ఇలా చేయమనలేదు, మా అమ్మ చేసినట్టే నేనూ చేశాను. మీ ఇంట్లో అలా లేకపోతే సంతోషం.

మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అందులో మా ఇంటివాళ్లూ ఉంటారని నాకెప్పుడూ తట్టలేదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మన దేశస్థులు ఏం తినాలో చెబుతూ 17 సూచనలు వెలువరించింది. రోజు మొత్తానికి బియ్యం, గోధుమ, జొన్నలాంటివి అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు ఉండాలట. ఆలుగడ్డ ఈ కూరగాయల లెక్కలోకి రాదు! మా ఇంట్లో కొలిచి చూస్తే బియ్యం ఒక్కటే అంతకు బాగా ఎక్కువ తేలింది. కూరగాయలు సగం కూడా లేవు.

పటాన్‌చెరు దాటుతుంటే కనిపించే ఇక్రిశాట్ 1972 నుంచీ ఉంది. ఇన్నేళ్లూ ఆ గోడ పక్కనుంచే బస్సులో తిరిగాను గానీ, లోపల సజ్జల మీద కూడా పరిశోధన చేస్తారని తెలియదు. అక్కడివాళ్లు ఇనుము ఎక్కువుండే ధనశక్తి అనే సజ్జ రకాన్ని తయారు చేస్తే, 2012లో మహారాష్ట్ర రైతులకు అందింది. అక్కడే 12 నుంచి 16 ఏళ్ల పిల్లలకు కొన్ని నెలలు రోజూ రెండు పూటలా ఆ సజ్జరొట్టెలు పెట్టి చూశారు. ఒంట్లో ఇనుము నిల్వలు పెరిగాయని 2015లో ప్రకటించారు. మన కొట్లో దొరికే మామూలు సజ్జల్లో అంత ఉండకపోవచ్చు. అయినా పాలిష్ బియ్యం కంటే ఎన్నో రెట్లు మేలు. మా అత్తమ్మ కాలంలో ఇవి ఇంటి తిండే. మేమే సన్నబియ్యానికి ఎగబడ్డాం.

రొట్టె చూసి మా అమ్మాయి మొదట మూతి తిప్పింది. "బాక్సు తీస్తే అందరూ నవ్వుతరు" అంది. దాంతో పోట్లాడటం దండగని, సజ్జపిండిలో మెంతికూర సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు వేసి, వేడినీళ్లతో కలిపి, పలచగా తట్టి కాల్చాను. చుట్టి ఇస్తే బస్సులోనే తినేస్తోంది. మధ్యాహ్నానికి సగం డబ్బా అన్నం, మిగతా సగంలో గట్టి పుంటికూర పప్పో, తోటకూరో. తిన్న వెంటనే చాయ్ మాన్పించాను. అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదట. చాయ్ బదులు ఒక జామకాయ ఇస్తున్నాను. జామలోని సి విటమిన్ ఆ ఇనుము పట్టేలా చేస్తుంది. మనకు కోహీర్ జామకాయలు ఎంత దగ్గరో చెప్పాలా!

తిండితోనే అంతా నయమైందని మాత్రం అనుకోకండి. డాక్టరమ్మ ఇచ్చిన ఇనుము మాత్రలు మానకుండా వేస్తున్నాను. మూడు నెలలకు 10.8 వచ్చింది. ఇంకా 12 దాటాలి. ఈసారి నేనూ పరీక్ష చేయించుకున్నాను, నాది 10.1. ఇప్పుడు గుడ్లు లెక్కపెట్టి, మనిషికొకటి ఉడకేస్తున్నాను.

అన్నట్టు, సజ్జపిండి ఎక్కువ పట్టించి పెట్టుకోకండి, తొందరగా చేదెక్కుతుంది. నేను రెండు కిలోలు పట్టించి సగం పారబోశాను. వారానికి సరిపడా పట్టించుకుంటే చాలు.