ఒక్కసారే వాడిన సెక్షన్

గుంటూరులో మందుల షాపు నడుపుతాను. చీటీలో పది మాత్రలు రాసుంటే "ఇప్పటికి మూడివ్వండి, మిగతావి తర్వాత చూద్దాం" అనేవాళ్లు రోజూ వస్తారు. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్న కొస షాపులో మిగిలేలా రెండో కొస నుంచి షీటు కత్తిరించి ఇస్తాం. ఆ తర్వాత మిగతా ఏడు కోసం వచ్చేవాళ్లు తక్కువే.

అందుకే 2012 మార్చి 9 నాకు పండగలాంటి రోజు. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు బేయర్ అమ్మే నెక్సావర్ అప్పట్లో నెలకు 120 మాత్రలు రూ.2,80,428. అంటే మాత్ర రూ.2,300 పైమాటే, రోజుకు నాలుగు వేసుకోవాలి. ఆ రోజు పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్.కురియన్ హైదరాబాద్ కంపెనీ నాట్కోకు అదే మందు తయారీకి, బేయర్ సమ్మతితో పనిలేని తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. నెల మందు తొమ్మిది వేల లోపుకి దిగింది. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014లో చుక్కెదురైంది.

పరిశోధనకు డబ్బులెక్కడివని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పేటెంటు రద్దు కాలేదు, అమ్మకాలపై రాయల్టీ కూడా బేయర్‌కు ఇమ్మన్నారు. మొదట 6 శాతం, తర్వాత 7. లాభం ఆగలేదు, హద్దులో ఉంది. ప్రభుత్వం చేయాల్సింది ఇదే.

ఆ ఉత్తర్వుకు బలమిచ్చింది ఫారం 27. పేటెంటు ఉన్న మందును ఇక్కడ ఏ మేరకు తెచ్చారు, ఎంత అమ్మారు అని కంపెనీ అప్పట్లో ఏటా ఇవ్వాల్సి వచ్చిన లెక్క అది. అవసరమున్న రోగుల్లో 2 శాతానికి కాస్త పైగా మాత్రమే మందు అందుతోందని బయటపడింది ఆ లెక్కలతోనే.

తర్వాత? నాట్కోకు లైసెన్సు తెచ్చిపెట్టిన పేటెంట్ల చట్టం సెక్షన్ 84 కింద మరో మందుకు లైసెన్సు రాలేదు. మధుమేహం మందు శాక్సాగ్లిప్టిన్ కోసం మన లీ ఫార్మా పెట్టుకున్న దరఖాస్తును 2016లో తోసిపుచ్చారు. 2024లో నిబంధనలు మార్చి ఫారం 27 మూడేళ్లకోసారి ఇస్తే చాలన్నారు. 2025లో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలోనేమో కంపెనీలు ఇష్టపడి ఇచ్చే లైసెన్సులే మేలైన దారి అని రాసుకున్నాం. కంపెనీ దయతలచేదాకా రోగి బతికుండాలి కదా!

ఢిల్లీని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఫారం 27ను మళ్లీ ఏటా, అమ్మిన పరిమాణం, ధరలతో సహా అడగండి. ప్రజావసరం ఉన్నప్పుడు తప్పనిసరి లైసెన్సుల కోసం సెక్షన్ 92 కింద కేంద్రమే నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. ఇల్లమ్మితే తప్ప కొనలేని క్యాన్సర్ మందులతో మొదలుపెట్టండి. తయారుచేయగల ఫ్యాక్టరీలు హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి.