బ్యాటరీ పోతే మీటరు పోయినట్టేనా?



రాసే చెయ్యి రిటైరైన రైల్వే గుమాస్తాది. మాట మాత్రం మంసాపురంలో పొద్దున్నే సైకిల్ తొక్కే మా అయిదుగురిదీ. అందుకే ‘మేము’ అంటున్నాం. మేమంతా బడిలో చదివింది తమిళమే. తెలుగు అక్షరాలు అరవై దగ్గరపడ్డాక దిద్దుకున్నాం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

విషయం సైకిల్ మీటర్ల గురించి. హ్యాండిల్ మీద బిగించుకునే సైకిల్ కంప్యూటర్‌నే మేము మీటరు అంటాం. మన పిల్లల ఆదివారం సవారీ కోసం సంఘం దగ్గర ఆరు పాత మీటర్లున్నాయి. అన్నీ బయటి ఊళ్లలో, బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు తాము వాడి ఇచ్చినవే. ఛార్జి నిలవడం లేదని వాటిని పాత సామాన్ల బండికి వేసి, సంఘం నిధితో కొత్తవి కొనాలని కమిటీలో మాట వచ్చింది. వచ్చే సమావేశంలో తీర్మానం పెడతారట. మా అభిప్రాయం ఇది: పోయింది బ్యాటరీ, మీటరు కాదు. ముందు బ్యాటరీలు మార్పించండి. కొత్తవి కొనక తప్పకపోతే, బ్యాటరీ మార్చుకోవడానికి వీలున్నవే కొనండి.

మీటర్లలో రెండు రకాలు. మొదటిది సాదాది. చక్రం స్పోక్‌కు చిన్న అయస్కాంతం, ఫోర్క్‌కు సెన్సర్ ఉంటాయి. అయస్కాంతం ఒకసారి దాటితే చక్రం ఒక చుట్టు తిరిగినట్టు లెక్క. మన పాత 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. ఆ లెక్కతోనే వేగం, దూరం చూపిస్తుంది. చాలావాటికి సీఆర్ 2032 అనే బిళ్ళ బ్యాటరీ సరిపోతుంది. ఆ పేరులోనే కొలత ఉంది: అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. ఇది ఛార్జి చేసేది కాదు, అయిపోతే మార్చేది. నాణెంతో మూత తిప్పితే ఊడి వస్తుంది. వైరు లేని మీటరైతే పైన ఒక బ్యాటరీ, ఫోర్క్ మీది సెన్సర్‌లో ఇంకొకటి ఉంటాయి. చాలామంది పైది మార్చి, కిందది మరిచిపోయి, మీటరు చెడిపోయిందంటారు. లోపలి రేకుకు చెమట వల్ల పచ్చగా చిలుము పట్టినా అదే మాట అంటారు. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోయేదానికి అంత మాటెందుకు?

ఈ రకంలో మేము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా గుంపులో పెద్దన్న ఒకరు పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన సైకిల్‌ను వదిన మాకే ఇచ్చింది. మీటరు తెర మసకబారి ఉంటే కొత్త బిళ్ళ వేశాం. తెర వెలిగింది, కానీ మొత్తం దూరం సున్నా చూపించింది. చాలా పాత మోడళ్లలో బ్యాటరీ తీయగానే మొత్తం దూరం, చక్రం కొలత రెండూ చెరిగిపోతాయి. తెలిసీ రాసిపెట్టుకోలేదు. పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు అని మాత్రం గుర్తుంది. ఉద్యోగమంతా రిజిస్టర్లు రాసిన చెయ్యి ఆ ఒక్క అంకె రాయలేదు. వదిన ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు బాధ. మీరు మాత్రం మూత తిప్పే ముందు అంకెలు రాసుకోండి.

రెండో రకం జీపీఎస్ మీటరు. సంఘం దగ్గరున్న ఆరూ ఇవే. వీటిలో లిథియం అయాన్ బ్యాటరీ లోపల మూసి ఉంటుంది. ఈ బ్యాటరీ వాడినా తరుగుతుంది, ఊరికే పెట్టినా తరుగుతుంది. నిండా ఛార్జి చేసి ఎండలో పెడితే మరీ త్వరగా తరుగుతుంది. మన చిత్తిరై ఎండకు కారు అద్దం కింద వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముసలి బ్యాటరీ తెర మీద నలభై శాతం చూపించి ఉన్నట్టుండి ఆరిపోతుంది. లోపలి నిరోధం పెరిగి, కాస్త ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజి పడిపోవడమే దానికి కారణం.

మీటర్లను నిండా ఛార్జి చేసి, ఆరుబయట ఆన్ చేసి పెట్టి, ఎంతసేపు వెలుగుతాయో నోటుబుక్కులో రాశాం. రెండు ఏడు గంటలు దాటాయి. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడి దాకా పోయి రావడానికి పిల్లలకు అంతసేపు అక్కర్లేదు. వాటిలో తెర దీపం ఎప్పుడూ వెలిగేటట్టు పెట్టి ఉంది, సైకిల్‌కు లేని సెన్సర్ కోసం మీటరు వెతుకుతూనే ఉంది. ఆ రెండూ ఆపితే ఇంకా ఎక్కువసేపు వస్తాయి. మూడు మాత్రం గంటన్నర కూడా నిలవలేదు, వాటికి బ్యాటరీ మార్చాల్సిందే. ఒకదాని వీపు ఉబ్బి ఉంది. దాన్ని ఛార్జి పెట్టకుండా పక్కన పెట్టాం. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, నిప్పు అంటుకుంటుంది.

మార్చడం బ్రహ్మవిద్య కాదు. రాజపాళయంలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి కుర్రవాడికి చూపిస్తే చేస్తానన్నాడు. చాలా బ్యాటరీల ఒంటి మీద 503040 లాంటి అంకె ఉంటుంది. మందం 5 మిల్లీమీటర్లు, వెడల్పు 30, పొడవు 40 అని దాని అర్థం. ఆ కొలత, ఆ వోల్టేజి, అన్నే వైర్లు ఉన్నది దొరికితే చాలు. ఖర్చు కొత్త మీటరు ధరలో చిన్న భాగమే.

పిల్లలు అనే మాటలోనూ న్యాయముంది. ఒకసారి తెరిచిన మీటరులోకి నీళ్లు దూరవచ్చు. మళ్లీ బాగా అంటించాలి, వానలో కవరు వేయాలి. కొత్తవాటిలో దారి చూపే మ్యాపు బాగుంటుంది. ఒప్పుకుంటాం. కానీ అయిదారేళ్లకు ఆ కొత్తవాటి బ్యాటరీ కూడా ముసలిదవుతుంది. అప్పుడూ నిధి తీయాల్సిందేనా?

రైల్వే స్టేషన్లలో సిగ్నల్‌కు కరెంటిచ్చే సెల్లులు వరసగా ఉంటాయి. సిగ్నల్ మనిషి వచ్చి ఒక్కో సెల్లులో ద్రవం సాంద్రత చూసి, రిజిస్టర్‌లో రాసి, నీళ్లు తగ్గితే పోసేవాడు. ఒక సెల్లు బలహీనపడితే దాన్నే మార్చేవారు. దానికోసం సిగ్నల్ స్తంభాన్ని పాత ఇనుముకు వేసినవాళ్లను మేము చూడలేదు.

ఇది మా ముసలివాళ్ల చాదస్తం అనుకోకండి. ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది: 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని కొన్నవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. కొన్ని మినహాయింపులున్నా దారి అదే. మన దేశంలోనూ 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అదే ఏడాది వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు. అంటే మీటర్లను పాత సామాన్ల బండికి వేయడమే తప్పు.

కమిటీకి మేము అడిగేవి మూడు. మూడు మీటర్లకు బ్యాటరీలు మార్పించండి, తొక్కి చూసి లెక్క మేమే రాసిస్తాం. పాత బ్యాటరీలు, ఉబ్బినది కూడా, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే చేర్చండి. ఇక ముందు ఏది కొన్నా ‘దీని బ్యాటరీ ఎవరు మార్చగలరు?’ అని అడిగి కొనండి. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు ఇంకో మాట: బిళ్ళ బ్యాటరీలు వాళ్లకు అందనివ్వకండి. మింగితే రెండు గంటల్లో గొంతు లోపల కాలిపోతుంది. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

చివరిగా ఒక మనవి. పెద్దన్నతో కలిసి అయ్యనార్ కోవిల్ దారిలో ఫొటోలు తీసుకున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఏదో ఒక ఫొటోలో ఆయన హ్యాండిల్ మీది మీటరు పడి ఉంటుంది. అంకె కనిపిస్తే మాకు పంపండి. నోటుబుక్కు మొదటి పేజీ ఆయన కోసం ఖాళీగా ఉంచాం.