ఎలుగు కాని ఎలుగు, మన ఎలుగు

మా చెల్లెలిది ఆళ్ళగడ్డ. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆరేళ్ళ మేనకోడలు ఒక కోలా బొమ్మను చంకన వేసుకుని ఇల్లంతా తిరుగుతోంది. బూడిదరంగు ఒళ్ళు, గుండ్రటి చెవులు, నల్లటి పెద్ద ముక్కు. వీపున ఇంకొక బుల్లి బొమ్మ. "మామా, ఈ ఎలుగుబంటి ఏడికి పోయినా పిల్లను వీపు మీదనే మోస్తుందంట" అని కళ్ళు పెద్దవి చేసి చెప్పింది. పక్కన వక్కలు కత్తిరించుకుంటున్న మా చెల్లెలి అత్తగారు తలెత్తకుండానే, "మన కొండలో ఎలుగు గూడా అంతే గదమ్మా, పిల్లను ఈపు మీద ఏసుకునే తిరుగుతాది" అన్నారు.

పిల్ల నమ్మలేదు. పెద్దావిడ చెప్పినది అక్షరసత్యం. లోకంలో ఉన్న ఎనిమిది జాతుల ఎలుగుబంట్లలో పిల్లలను వీపున మోయడం నిత్యాచారంగా పెట్టుకున్నది మన నల్లమల ఎలుగు ఒక్కటే. ఆ కోలా అసలు ఎలుగుబంటే కాదు. కంగారూ వలె పొట్టసంచి గల జంతువు. దాని పిల్ల ముప్పై అయిదు రోజులకే పుట్టి, తల్లి సంచిలో ఆరు నెలలు పెరిగి, ఆపైన వీపెక్కి సుమారు ఏడాది వయసు దాకా ఊరేగుతుంది. తల్లికి యూకలిప్టస్ ఆకే అన్నం. అందులో సారం తక్కువ, విషం ఎక్కువ. అది అరిగేందుకు దినంలో 18 గంటలకు పైగా కొమ్మ పట్టుకుని కునుకుతీయడమే దాని సంసారం.

నామకరణంలో జరిగిన చిత్రం చూడండి. ఎలుగు కాని కోలాకు తెల్లవాళ్ళు ఎలుగని పేరు పెట్టారు. నిజమైన మన ఎలుగును 1791లో జార్జి షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పొడవైన గోళ్ళను చూసి, దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడే స్లాత్ జాతిలో వేశాడు. తరువాత తప్పు తెలిసినా ఆంగ్లంలో ఆ పేరు 'స్లాత్ బేర్' అని అతుక్కుపోయింది. కోలా తినే చెట్టు మాత్రం మన నేలకు ఎన్నడో వచ్చి, జామాయిల్ పేరుతో ప్రకాశం, ఖమ్మం ప్రాంతాలలో తోటలుగా నిలబడింది. ఆ ఆకు మన ఎలుగుకు ఎందుకూ కొరగాదు.

మరి మన ఎలుగుకు కావలసినవేమిటి? పుట్టలు, పండ్లు, తేనె. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్టే దానికి అన్నపుగిన్నె. వేలెడు పొడవు గోళ్ళతో పుట్టను తవ్వి, మూతి దూర్చి, ముందు ఊది దుమ్ము పోగొట్టి, ఆ తరువాత చెదలను జుర్రుతుంది. ఆ పనికి అనువుగా పైదవడ ముందుపళ్ళు రెండు దానికి లేనే లేవు. మట్టి పోకుండా ముక్కుపుటాలు మూసుకోగలదు. ఆ జుర్రే చప్పుడు నూరు మీటర్ల అవతలికి వినిపిస్తుంది. వేసవి తొలినాళ్ళలో ఇప్పపూలు, ఆపైన తునికి, నేరేడు, చలికాలంలో రేగు. తిన్న పండ్ల గింజలను దూరాన విసర్జించి చెట్లు మొలిపిస్తుంది గనుక అడవికి అది జీతం లేని తోటమాలి. చలిదేశాల ఎలుగుల వలె నెలల తరబడి నిద్రపోదు. చలికాలంలో గుహలో ఒకటో రెండో పిల్లలను కంటుంది. రెండు మూడు నెలలకు వాటిని వీపున ఎక్కించుకుని బయటికి వస్తుంది. పులి, చిరుత తిరిగే అడవిలో నడక రాని పిల్లకు అంతకంటే భద్రమైన చోటు లేదు. వీపున ఆ గరుకు జూలు అంత దట్టంగా ఉండేది పిల్ల పట్టుకోవడానికేనేమో అని నాకొక ఊహ.

ఇంతటి తల్లిని మనం ఎలా చూశాము? నా చిన్నతనంలో నంద్యాల వీధులలోకి ముక్కుతాడు వేసిన ఎలుగుతో ఒకతను వచ్చేవాడు. జడుపు పోతుందని మా అమ్మ దాని వెంట్రుకలతో తాయెత్తు కట్టించి నా మొలతాడుకు వేసింది. వేడి చువ్వతో ముక్కు పొడిచి, కోరలు విరగ్గొట్టి దానిని ఆటకు తయారు చేస్తారని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. బ్రతుకంతా జడిసిన జంతువు వెంట్రుక నా జడుపుకు మందు! 1972 చట్టం దానికి రక్షణ ఇచ్చినా ఆ ఆట ఆగేసరికి 2009 వచ్చింది.

ఆట పోయింది, భయం మిగిలింది. ఆ భయం ఉత్తది కాదు. రుద్రవరం వైపు పల్లెలో ఒక పెద్దాయనను నేను కలిశాను. ముఖంలో ఎడమ సగం లేదు. తెల్లవారక ముందే ఇప్పపూలు ఏరడానికి వెళ్ళాడట. "దాని తప్పేముంది సార్, ఇద్దరం ఒకే చెట్టు కిందికి పోతిమి" అన్నాడు. లోపలి నుండి ఆయన భార్య ఆ ఎలుగును తిట్టిన తిట్లు ఇక్కడ వ్రాయలేను. ఇద్దరి మాటా న్యాయమే. నంద్యాలలో విద్యుద్దీపాల క్రింద కూర్చుని వన్యప్రాణి ప్రేమను బోధించే నాబోటివాడు ఆవిడ ముందు నోరెత్తలేడు.

అయినా నా అభిప్రాయం చెబుతాను. ఎలుగును ప్రేమించమని ఎవరినీ అడగనక్కరలేదు. దాని అలవాట్లు తెలుసుకుంటే చాలు. దానికి చూపు మందం, వినికిడీ అంతంతే. వాసన ఒక్కటే దిట్టం. గాలి ఎదురైతే మనిషి రెండు బారల దూరానికి వచ్చే దాకా తెలియదు. పులితో పోరాడి పిల్లలను దక్కించుకున్న వంశం గనుక ఉలిక్కిపడితే పారిపోదు, మీదికి వస్తుంది. కనుక ఒంటరిగా, మౌనంగా, చీకటితో వెళ్ళకూడదు; నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, పొద్దెక్కాక వెళ్ళాలి. ఈ నాలుగు మాటలు ఇప్పపూల కాలానికి ముందు అడవి అంచు పల్లెలలో, బడులలో చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది? కోలా ఫలానా ఆకు తింటుందని ఆళ్ళగడ్డ పిల్లకు తెలిసినప్పుడు, ఇంటి వెనుక కొండలో ఎలుగు ఏ వేళ తిరుగుతుందో తెలియకపోవడం నాకు సిగ్గుగా ఉంది.

రెండవ మాట యాత్రికులకు. అహోబిలంలో పావన నరసింహస్వామి దారిలో ప్రసాదపు విస్తర్లు, కొబ్బరి చిప్పలు, అరటితొక్కలు అడవిలోకి విసరడం నేను పలుమార్లు చూశాను. ఒకప్పుడు నేనూ విసిరాను. జంతువులు తింటాయిలే అన్నది మన పుణ్యచింతన! బెల్లపు వాసన మరిగిన ఎలుగు పుట్ట తవ్వే కష్టం మాని దారి పక్కకు వస్తుంది. ఆ మరునాడే మనమే "ఎలుగొచ్చింది, పట్టుకుపొండి" అని గగ్గోలు పెడతాము. హంపి దగ్గర దరోజీలో 1994లో ఎలుగుల కోసమే అభయారణ్యం ఏర్పరచారు. సాయంత్రాలలో బండలకు బెల్లపుపాకం పూస్తే అవి దిగివస్తాయి, జనం దూరం నుండి చూస్తారు. చూడముచ్చటైన దృశ్యమే. కాని మన నల్లమలకు అది వద్దంటాను. కనిపించకుండా బ్రతికే హక్కు ఉన్నది దానికి.

2019–20 కార్చిచ్చులలో కాలిన కోలాల చిత్రాలు చూసి మనలో ఎందరో కన్నీరు పెట్టుకున్నారు. నేనూ చలించాను. 2022లో ఆస్ట్రేలియా తూర్పు రాష్ట్రాలలో వాటిని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. అంతర్జాతీయ జాబితాలో మన ఎలుగు కూడా ముప్పున్న జాతే. ఏటేటా వేసవిలో నల్లమల కొండల మీద నిప్పు దండలు నంద్యాల మిద్దెల మీది నుండి కనిపిస్తాయి. వాటిని చూస్తూ మనం పక్కలు పరచుకుంటాము.

పండుగ మరునాడు మేనకోడలిని తీసుకుని పావనానికి నడిచాము. చప్పట్లు కొడుతూ, పెద్దగా ఎక్కాలు చదువుతూ నడవమన్నాను. పదమూడో ఎక్కం దగ్గర తప్పింది. ఎలుగు కనిపించలేదు. దారి పక్కన సగం తవ్విన పుట్ట ఒకటి, దానికి కాస్త దూరంలో రేగు గింజలతో నిండిన పెంట కనిపించాయి. పిల్ల చాలాసేపు వంగి చూసి, "పిల్ల ఇప్పుడు దాని వీపు మీదుందా మామా?" అని అడిగింది. ఇంకా గుహలోనే ఉంటుందనీ, శివరాత్రి దాటాక ఎక్కుతుందనీ చెప్పాను. అయితే శివరాత్రికి మళ్ళీ వస్తానన్నది.